ఎనిమిది డబ్బీలు

నమోదు 61

పల్లేరు పూసింది. వేలిగోరంత పసుపు పూలు. మా నాయన చేలో ఇది కాలికి గుచ్చుకుంటే తిట్టుకుంటూ పీకి గట్టు మీదికి విసిరేసేవాళ్లం. ఇక్కడ, చంద్రుడి మీద, దీనికి విడిగా ఒక దీపం, విడిగా ఒక నీటి గొట్టం, అడుగున జల్లెడ పట్టిన మెత్తటి మట్టి. వృక్షశాస్త్రం చదివిన మనిషివి పల్లేరుకాయకు ఇంత ఊడిగం చేస్తావని యూనివర్సిటీలో ఎవరైనా అని ఉంటే నవ్వేదాన్ని.

పక్క మడిలో కొండపిండి ఆకు, దాని అవతల గుమ్మడి తీగ. ఈ మూడూ మగవాళ్ల కోసమే. మంచుగుంట అనే మా ఈ చిన్న ఊళ్లో ఇళ్ల గోడలు రేకు మందం. ఎవరైనా ఒంటికి లేస్తే పంపు గుర్రుమంటుంది, వరసంతా మేలుకుంటుంది. యాభై దగ్గరపడ్డ మగవాళ్లు లేస్తూనే ఉంటారు. ఆడవాళ్లు నా మొక్కల కొట్టానికి వచ్చి మొర పెట్టుకుంటే కషాయం మొదలుపెట్టాను. పల్లేరు, కొండపిండి, పేగు శుభ్రానికి భూమి నుంచి తెచ్చుకున్న కరక్కాయ పొడి చిటికెడు. తర్వాత నమలడానికి గుప్పెడు వేయించిన గుమ్మడి గింజలు. పంపు గోల కాస్త తగ్గిందని అంటున్నారు. నా వల్లే తగ్గిందో, అలవాటు పడి వినడం మానేశారో నాకు తెలియదు.

ఈ రోజు డబ్బీల రోజు కూడా. నెలకోసారి నలభై ఐదు దాటిన ప్రతి మగవాడూ రెండు డబ్బీలు, ఒకటికి చిన్నది, రెంటికి పెద్దది, ఒక సంచిలో పెట్టి తన పేరు చీటీ అంటించి నా కొట్టం గోడలోని అరలో పెట్టాలి. పరీక్ష పెట్టె వాటిని చదివి ఆ మనిషి ఇంటి తలుపు మీద దీపం వెలిగిస్తుంది. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు. పసుపు అయితే పేగులోనో ప్రోస్టేట్ గ్రంథిలోనో చూడాల్సింది ఏదో ఉన్నట్టు. పెట్టె చీటీ మీది పేరును నమ్ముతుంది, అంతకు మించి మనిషి ఆనవాలు పట్టదు, అంకెలను ఆ నెల దాటి దాచదు. మా సిగ్గు మాకు ఉండనివ్వండని మొదటి ఏడాది మగవాళ్లంతా చేతులెత్తి అలా చేయించుకున్నారు.

అలా డబ్బీలిచ్చేవాళ్లు ఇక్కడ ఎనిమిది మంది. ఎనిమిది మందీ ఒకే ముఠా, పాలమూరు మట్టి పని వాళ్లు. చీకటి బావిలోకి దిగి మంచు తవ్వేది వాళ్లే. మేము తాగే నీళ్లూ పీల్చే గాలీ ఆ మంచులోంచే వస్తాయి. కుర్మయ్య మామ మేస్త్రి. అందరికంటే చిన్నవాడు మా ఆయన కేశవులు.

ఎనిమిది దీపాలూ ఆకుపచ్చ. అంకెలు కూడా ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టినట్టు సమానం. ఒకే తపేలాలో తినే మనుషులు, అందరికీ ఒకే కషాయం, అందుకే కాబోలు. కాస్త గర్వంగా అనిపించి పెద్ద మకాంలో ఉన్న డాక్టర్ రుక్సానాకు రాశాను. "బాగుంది వనజగారూ. కొంచెం మరీ బాగుంది" అని జవాబొచ్చింది. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

నమోదు 62

మెంతి మడి కోశాను. గుమ్మడికి ఆడ పూలు వచ్చాయి. తేనెటీగలు లేవు కాబట్టి దూది పుల్లతో పెళ్లి చేశాను. కేశవులు పక్కన నిలబడి "అక్షింతలు ఏవి?" అన్నాడు.

కరక్కాయ పాతది అయిపోవస్తోంది. సరుకుల్లో కొత్తది వచ్చింది, రంగు కాస్త ముదురుగా ఉంది. వాసన బాగానే ఉంది. ఈ నెల కషాయానికి అదే వాడాను, పాతదానికంటే రవ్వంత ఎక్కువే పడింది.

నమోదు 63

డబ్బీల రోజు. ఎనిమిది దీపాలూ పసుపు.

పెట్టె చెడిందనుకున్నాను. తుడిచి, ఆపి, మళ్లీ తిప్పాను. పసుపే. చిన్న డబ్బీలన్నీ శుభ్రం. పెద్ద డబ్బీలన్నిటిలో నెత్తురు జాడ, కంటికి కనిపించనంత. ఎనిమిది మందికీ ఒకే మోతాదులో.

ఒకే నెలలో ఎనిమిది మందికి పేగు జబ్బు రాదు. ఈ నెల కొత్తగా ఎనిమిది మంది కడుపులోకీ వెళ్లినది ఒకటే ఉంది, అది నా గిన్నెలోంచి వెళ్లింది.

ముఠాలో ఒక్కరికి పసుపు వెలిగినా అందరూ ఆగాలి. ఒకే తాడు నడుముకు కట్టుకుని దిగే వాళ్లు. కింద ఒకడు కుప్పకూలితే ఎనిమిది మందీ పోతారు. బావి మూశారు. డాక్టర్ రుక్సానాతో మాట్లాడాను. ఆమె దగ్గర పేగు లోపల చూసే గొట్టం ఒక్కటే ఉంది, బండిలో ఇద్దరికే చోటు. విడతకు ఇద్దరు చొప్పున, పెద్దవాళ్లు ముందు. అంటే ఆఖరి విడత వచ్చేసరికి నీటి తొట్టి అడుగు తేలుతుంది. కేశవులు ఆఖరి విడత.

మిగిలిన కషాయమంతా బూడిద గుంటలో పారబోశాను. ఇక్కడ ఏది పోసినా తొందరపడదు, నిదానంగా వంగి, సాగి, దిగుతుంది. కేశవులు గిన్నె రెండో చెవి పట్టుకున్నాడు. "నీ తప్పేం లేదు" అన్నాడు. "నీకెట్ల తెలుసు?" అంటే గిన్నె అడుగు తుడవసాగాడు.

నమోదు 64

నీళ్లు సగానికి తగ్గించారు. నేను ముందు గుమ్మడికి ఆపాను, తర్వాత మెంతికి. పల్లేరు తట్టుకుంటుంది, దాని సంగతి తెలిసిందే.

మధ్యాహ్నం మన్నెమ్మ వచ్చింది. కుర్మయ్య మామ భార్య. వచ్చీ రావడంతోనే ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

"ఏం పోసినవ్ పిల్లా మా ముసలోనికి?"

"అందరికి పోసిందే పోసిన అత్తా."

"గదే అంటున్న. ఎనిమిది మంది మొగోళ్లు ఇంట్ల కూసుంటే ఆడోళ్లు బతుకుడెట్ల? బావిల ఉంటే ఒకనికొకడు తిట్టుకుంటరు, మాకు పీడ పోతది. ఇప్పుడు పొద్దుమాపు నా ఎనకనే తిరుగుతుండు. ఉప్పు యాడుంది, గరిటె యాడుంది, గీ గుడ్డ ఎందుకిట్ల మడతవెట్టినవ్."

నవ్వబోయి ఏడ్చాను. ఆమె పీట దగ్గరికి జరుపుకుంది.

"గట్ల ఏడ్వకు. నెత్తురంటే మొలలు గావచ్చు. మా నాయనకు ఉండె. తొంబై ఏండ్లు బతికిండు, కూసున్నప్పుడల్లా బూతులు తిట్టుకుంట."

పోయేటప్పుడు తొట్టిలో నాటుకోవడానికి మిరప నారు అడిగింది. పాత చెట్టు విరగకాస్తోందట, ఇంకోటి పెడితే ఊరంతటికీ సరిపోతాయట. నీళ్లు సగమైనప్పుడు విరగకాయడమేమిటో నాకు అర్థం కాలేదు. ఇచ్చి పంపించాను.

నమోదు 65

పారబోయకముందు ఒక సీసాలో కొంచెం దాచాను. అది నేనే తాగుతున్నాను, మగవాళ్లు తాగిన కొలతకు రెట్టింపు. కేశవులుకు చెప్పలేదు. చెబితే ఆపుతాడు.

చదువుకున్న దాన్ని కదా, ముందే ఈ పని చేసి ఉండాలి. మనుషులకు పోసే ముందు ఏం తెలుసు నాకు? పల్లేరు మూత్రానికి మంచిదని మా నాయనమ్మ చెప్పింది, కొన్ని పుస్తకాలు అవునన్నాయి, కొన్ని చూడాలన్నాయి. నాకు కావలసిన పేజీలు చదివి మిగతావి తిప్పేశాను. పంపు గోల తగ్గితే చాలనుకున్నాను. పంపు గోల తగ్గడం వేరు, లోపల ఏముందో తెలియడం వేరు.

కేశవులు అన్నం సరిగా తినడం లేదు. బావి మూసినందుకు అనుకుంటున్నాను. మొదటి విడతలో కుర్మయ్య మామను రమ్మంటే "జర ఆగు బిడ్డా, రెండు దినాలు" అన్నాడు. అందరికంటే ముందు తన వంతే కదా, ఎందుకు ఆగమంటాడు?

నమోదు 66

నా డబ్బీలు నేనే పెట్టుకున్నాను. ఆకుపచ్చ. మచ్చుకైనా నెత్తురు లేదు.

సంతోషించాలి. ఆడ ఒళ్లు వేరేమో, ఇన్ని రోజులు చాలవేమో అనుకుంటూ కూర్చున్నాను. నా అనుమానాలకు నీళ్ల కోత లేదు.

నమోదు 67

మన్నెమ్మ ఇంటికి మిరప తొట్టి చూడటానికి పోయాను. నిజానికి కుర్మయ్య మామను బండి ఎక్కించడానికి పోయాను, తొట్టి వంక. చెట్టు నిజంగానే విరగకాసింది. మట్టి తడిగా ఉంది. ఇంటింటా బిందెలో నీళ్లు కొలుచుకుంటుంటే ఈ తొట్టి మట్టి తడి ఏమిటని వంగాను. కరక్కాయ వాసన. వేలుతో గీరితే పైన జిగురు కట్టి ఉంది, కొండపిండి ఆకు ఉడికినప్పుడు తేలే జిగురు.

కుర్మయ్య మామ గడపలో నిలబడి ఉన్నాడు.

"మామా, నా కషాయం ఈ చెట్టుకు పోసినవా?"

"చేదు బిడ్డా."

"ఎన్ని దినాల సంది?"

"మొదటి దినం సంది. ఇంకా సగం డబ్బా ఉండె, అదే పోస్తున్న. నీ మొకం జూసి వద్దనబుద్ధి కాలే. చెట్టు మంచిగ తాగుతది."

"ఒక్క గుక్క కూడా తాగలేదా?"

"ఒక్కపారి నాలికకు అంటించుకున్న. సాలు."

నేను అక్కడే కూర్చున్నాను. ముందు వచ్చింది ఊరట, దాని వెనకాలే కోపం. తాగని మనిషికి పసుపు వెలిగిందంటే తప్పు కషాయానిది కాదు.

"మరి నీ డబ్బీలో నెత్తురెందుకు పడింది మామా?"

ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి దులిపాడు. ఇక్కడ దులిపిన ధూళి చాలాసేపు గాల్లోనే ఉంటుంది. అది దిగేదాకా దాన్నే చూశాడు.

"అది నాది కాదు."

"మరెవరిది?"

"ఎనిమిదీ ఒక్కనియే. మొదటి సంది. నీకు యాదికుందా, మాకంటె ముందున్న ముఠాల మల్లయ్యకు పసుపు వెలిగిందని ఎన్ని దినాలు కూసున్నరో? తీరా జూస్తే బీట్‌రూట్ తిన్నడు. మనకు గా గతి వద్దని మేమంతా అనుకున్నం. ముఠా అంటే ఒకటే తాడు, ఒకటే తపేల. గట్టి మనిషిని ఒక్కన్ని జూసి, అందరి డబ్బీలు ఆయనతోనే నింపిచ్చినం. సద్ది పంచుకున్నట్టే గదా, ఏం తప్పు అనుకున్నం."

"గట్టి మనిషి ఎవరు మామా?"

అడిగాక తెలిసింది, నాకు ఆ జవాబు అక్కర్లేదని. ప్రతి డబ్బీల రోజూ తెల్లారకముందే ముఠా గదికి వ్యాయామానికని పోయేది ఎవరో నాకు తెలుసు. ఆ ఒక్క రోజే ఎందుకు పోతాడని ఏనాడూ అడగలేదు.

"వాడే చెప్తనన్నడు బిడ్డా. దినాం రేపు, రేపు అంటుండు. ఇగ నేనే వచ్చి చెప్తనంటే, రెండు దినాలు ఆగు మామా అన్నడు. ఇయ్యాల రెండో దినం."

నమోదు 67, కొనసాగింపు

కేశవులు కొట్టంలో పల్లేరు మడి దగ్గర కూర్చుని ముళ్లు ఏరుతున్నాడు. అది నేను చెప్పిన పని కాదు.

"నేను కషాయం పారబోస్తుంటే గిన్నె పట్టుకున్నవు" అన్నాను.

అతను ఇంకో ముల్లు ఏరాడు.

"అది విషం అనుకున్న. ఎనిమిది మందికి విషం పోసిన అనుకున్న. నువ్వు చూస్తూ ఉన్నవు."

"నీ తప్పు లేదని చెప్పిన."

"ఎవరిదో చెప్పలే."

ముల్లు ఒకటి వేలికి గుచ్చుకుంది. చప్పరించి, ఆ వేలునే చూస్తూ అన్నాడు, "చెప్పకుంటే అది ఎనిమిది మందిది వనజా. తలా ఇంత. చెప్తే నా ఒక్కనిది."

కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. అతని పక్కన నేల మీద కూర్చున్నాను. ఇద్దరం కాసేపు ముళ్లు ఏరాం. అవసరం లేని పని చేయడానికి ఇద్దరం ఉన్నామని అనిపించింది.

"నొప్పి ఏమన్నా ఉందా?"

"ఏం లేదు. అందుకే భయం."

"ఆఖరి విడత నీది. తెలుసా?"

"తెలుసు. అప్పటిదాక చెప్పకుండనే గడుస్తదనుకున్న."

డాక్టర్ రుక్సానాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె గొంతు సవరించుకుంది. నవ్వు ఆపుకుందో, తిట్టు ఆపుకుందో.

"ఆయన్ను రేపటి బండికే పంపండి. మీరూ రండి. మిగతా ఏడుగురి దగ్గర సొంత డబ్బీలు తీసుకోండి. సొంతవి. కావాలంటే తలుపు బయట నిలబడండి."

నమోదు 68

తలుపు బయట నిలబడ్డాను. ఏడుగురు గట్టి మనుషులు చిన్న పిల్లల్లా సంచి వెనక దాచుకుని వచ్చారు. ఆశన్న ఇరవై ఏళ్లుగా తాడు పట్టిన వాడు. "అక్కా, నాకు గిట్ల ఎవరన్నా బయట నిలవడితే రాదు" అన్నాడు. దూరం జరిగి పాట పాడాను.

ఆరు పచ్చ. ఒకటి పసుపు, కుర్మయ్య మామది. ఆయనకు నెత్తురు లేదు. చిన్న డబ్బీలో ప్రోస్టేట్ అంకె ఎత్తుగా ఉంది. మామ దగ్గరికి పోయి ఆ దీపాన్ని వేలితో తట్టి చూశాడు. "ఇన్ని దినాలు కేశవులు ఒళ్లు జూసి నా ఒళ్లు మంచిగుందనుకున్న" అన్నాడు.

బండిలో చోటు ఇద్దరికే. కేశవులు, మామ ఎక్కారు. డ్రైవరు పక్కన సరుకుల పెట్టె మీద నేను. తోవ పొడుగునా మామ కేశవులును పలకరిస్తూనే ఉన్నాడు. పొలం కౌలు గురించి, ఎద్దుల గురించి, మేమెవరం మళ్లీ చూడబోని వాగు గురించి. కేశవులు ఊఁ కొడుతున్నాడు. అంచున సూర్యుడు పొడవాటి నీడలు పరుస్తున్నాడు. బండి నీడ మాకంటే చాలా ముందు పోతోంది.

నమోదు 69

పెద్ద మకాం. కేశవులును లోపలికి తీసుకుపోయారు. బయట నేనూ మామా.

ఇలా రాస్తుంటే చేతులకు పని ఉంటుందని రాస్తున్నాను. బీఎస్సీ మొదటి ఏడాదిలో ఆకు అడ్డుకోత కోసి సూక్ష్మదర్శినిలో చూడటం నేర్పారు. ఆకు పైనుంచి ఎంత నవనవలాడినా లోపల ఏముందో కోస్తే తప్ప చెప్పకూడదని మా మేడమ్ అనేది. ఇరవై ఏళ్లు పడక పక్కన ఉన్న మనిషిని పైనుంచి చూసి గట్టివాడు అనుకున్నాను. ముఠా కూడా అదే అనుకుంది. నేను వాళ్లను ఏమని తిట్టను?

డాక్టర్ రుక్సానా వచ్చింది. చేతి తొడుగులు తీస్తూ వచ్చింది, ముఖం చూసి ఏమీ తెలియలేదు.

"పేగు గోడకు పులిపిరి లాంటిది ఒకటి. చిటికెన వేలి కొస అంత. తీసేశాను. పరీక్షించాను కూడా. ఇంకా చెడ్డగా మారలేదు. వదిలేసి ఉంటే కొన్నేళ్లకు మారేది."

"మారలేదు" అన్నాను. ప్రశ్నగా అడగాలనుకున్నాను. అలా రాలేదు.

"మారలేదు. నెత్తురు దాంట్లోంచే. ఏడాదికి ఒకసారి లోపల చూసుకుంటే చాలు."

తర్వాత మామ వంతు. నెత్తురు తీశారు, బొమ్మ తీశారు. గ్రంథి వయసుతో ఉబ్బింది, అంతే. చెడు గడ్డ కాదు. మాత్రలు రాసింది, ఆర్నెల్లకు మళ్లీ రమ్మంది.

అప్పుడు అడిగాను, కషాయం మానేయమంటారా అని. మానేయమంటే బాగుండుననీ అనిపించింది, మానొద్దంటే బాగుండుననీ అనిపించింది.

"ఎందుకు మానేయడం? మాత్రలతో పడుతుందో లేదో ఒకసారి నన్ను అడగండి, ఎంత పోస్తున్నారో రాసి పంపండి. సుఖంగా ఉందంటే తాగనివ్వండి. కషాయం తాగుతున్నాం కదా, డబ్బీ ఎందుకు అన్న రోజున మాత్రం నాకు చెప్పండి. నేనే బండి వేసుకుని వస్తాను."

కేశవులు మత్తు దిగుతూ కళ్లు తెరిచాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత పక్క మంచం మీద మామను.

"మామా, నా ఎనిమిది డబ్బీలు ఇగ బంద్" అన్నాడు.

"బంద్ రా" అన్నాడు మామ. "నాకు గూడ సిగ్గయితుండె. ఇంకొకని దొడ్డి మీద నా పేరు."

నర్సు బయటికి పోయి నవ్వుకుంది. నేను లోపలే నవ్వాను. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను. ఈసారి మన్నెమ్మ లేదు కాబట్టి ఎవరూ వద్దనలేదు.

నమోదు 70

మామ దీపం పసుపే అయినా ముఠా దిగవచ్చని డాక్టరు రాసిచ్చింది, బావి తెరిచారు. మొదటి మంచు బుట్ట పైకి రాగానే గుమ్మడికి నీళ్లు పెట్టాను. రెండు తీగలు పోయాయి, మూడు నిలబడ్డాయి. పల్లేరుకు ఏమీ కాలేదు.

కుర్మయ్య మామ కషాయం అడిగాడు. డాక్టరు సరేనంది. ఎదురుగా నిలబెట్టి తాగించాను. ముఖం ముడిచి మొత్తం తాగాడు. మన్నెమ్మ వెనక నుంచి "ఇగ నా మిరప చెట్టు ఎండిపోతది" అంది.

నమోదు 71

డబ్బీల రోజు. తెల్లారకముందు కేశవులు లేచాడు. ముఠా గదికి పోలేదు, ఇంట్లోనే ఉన్నాడు. పంపు గుర్రుమంది. వరసంతా మేలుకునే ఉంటుంది, మేలుకోనీ.

అర దగ్గర సంచులు ఒక్కొక్కటే వచ్చాయి. ఆఖరున కేశవులుది. సంచి నా చేతికే ఇచ్చాడు, అరలో పెట్టలేదు.

"ఇది నీదేనా?"

"నాదే."

"నిజంగ?"

"మూత తీసి చూస్తవా?"

ఎనిమిది దీపాలు వెలిగాయి. ఏడు ఆకుపచ్చ, ఒకటి మామది, మాకు సంగతి తెలిసిన పసుపు. కేశవులు దీపం దగ్గరికి రెండుసార్లు పోయి చూసి వచ్చాను. రెండుసార్లూ పచ్చదే.

తర్వాత కూర్చుని అంకెలు చూశాను. ఆశన్న నీళ్లు సరిగా తాగడం లేదు. ఇంకొకాయన పచ్చిమిర్చి తగ్గించాలి, మన్నెమ్మ చెట్టు నుంచి తెచ్చుకున్నవే అయి ఉంటాయి. ఒకరికి ఉప్పు ఎక్కువ, ఒకరికి పీచు తక్కువ, ఒకరికి రాత్రి బెల్లం తినే అలవాటు. ఏ రెండు వరసలూ ఒకదానితో ఒకటి కలవలేదు. ఇంతకాలం నేను వైద్యం చేస్తున్నాననుకున్న ఎనిమిది మందిలో ఏడుగురిని ఈ రోజే మొదటిసారి చూశాను.

డాక్టర్ రుక్సానాకు పంపాను. జవాబు వెంటనే వచ్చింది. "ఒక్కటి కూడా ఒకేలా లేదు వనజగారూ. ఇప్పుడు బాగుంది."

కషాయానికి నీళ్లు పొయ్యి మీద పెట్టాను. ఈ నెల ఎనిమిది గిన్నెలు విడివిడిగా కాయాలి. చాలా పని.